కౌగిలికి దొరకనిది

"దొరికింది," అంది బెర్నీస్, ట్రూడీని ఇంకా కౌగలించుకునే ఉండి. "కుడి నడుము. చెయ్యి వేయగానే తగిలింది."

ట్రూడీ చొక్కా ఎత్తి, నడుముకు దోపుకున్న నీలం రంగు ప్లాస్టిక్ పిస్తోలు తీసి గాజుబల్ల మీద పెట్టింది. కొలతలో అసలుదానికీ దానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. అలాంటి బొమ్మలు అప్పటికి బల్లమీద మూడు చేరాయి. మూడూ బెర్నీస్ చేతికి చిక్కినవే.

కొట్టు బెర్నీస్ మొగుడు డెల్మర్‌ది. ముప్ఫై ఏళ్ళుగా ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్ళో తుపాకులమ్ముతున్నాడు.

"వచ్చినవాళ్ళంతా ఎన్ని తూటాలు పడతాయని అడుగుతారు," అన్నాడతను. "అమ్మ కౌగలించుకుంటే తెలుస్తుందా అని అడిగినదానివి నువ్వే."

"మా అమ్మ సంగతి మీకు తెలీదు డెల్మర్ గారూ."

కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. ట్రూడీ ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోతుంది, మేలు దాకా వెళ్ళే తీరిక ఉండదు. ఆమె ట్రక్కులో మంటలార్పే సిలిండర్లు రెండు, టార్చిలైట్లు మూడు, పాము కరిస్తే కట్టుకోవడానికి గుడ్డ ఒకటి ఉంటాయి. ఆ ట్రక్కులో కోడిగుడ్లు వేసుకుని ఒక్కతే ఊరి బయటి ఇళ్ళన్నీ తిరిగి అమ్ముతుంది. పోయిన నెల ఎవడో ఎర్ర ట్రక్కువాడు పదకొండు మైళ్ళు వెంటపడి, ఇంటి గేటు దాకా వచ్చి వెళ్ళాడు. ఆనాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. తుపాకీ కొనక తప్పదనుకుంది. తెలిసినవాళ్ళు చూస్తారేమోనని ఇరవై మైళ్ళ అవతలున్న డెల్మర్ కొట్టుకు వచ్చింది.

ఎర్ర ట్రక్కువాడికన్నా పెద్ద భయం అమ్మే. రెండేళ్ళ కిందట ఆదివారం భోజనానికి ట్రూడీ బావ డ్వేన్ బెల్టుకు పిస్తోలు వేలాడేసుకుని వచ్చాడు. అమ్మ కంచం వదిలి లేచింది. "నా బల్ల దగ్గర ఇంకోసారి అది కనబడిందా, నీ మొహం చూడను," అంది. వాడు మళ్ళీ అలాగే వచ్చాడు. అంతే, ఇప్పటికీ చూడలేదు. ట్రూడీకి ఉన్నది ఆ ఒక్క అమ్మ. ఆమె మొహం చాటేస్తే ఇక ఆదివారాలు ఎవరితో?

"కాలికి కట్టుకో," అంది బెర్నీస్.

"అమ్మ కుక్క వచ్చినవాళ్ళందరి కాళ్ళూ నాకుతుంది."

"పొట్టకు పట్టీ వేసుకో, లోపల్నించి."

"జూలైలోనా? ఉడికిపోతాను. మా అమ్మంటే వేరు, ఈ ఎండల్లో కూడా చలంటూ ఊలు స్వెటరు విప్పదు."

"ఇంతకీ మీ అమ్మ పేరేమిటి?" అన్నాడు డెల్మర్, తుపాకీ తుడుస్తూ.

"ఓపల్ టీగ్."

డెల్మర్ చేతిలో గుడ్డ జారింది. బెర్నీస్‌కు హఠాత్తుగా దగ్గొచ్చి గోడవైపు తిరిగింది.

"ఓపలా," అన్నాడు గంభీరంగా. "పాపం, ఆమెకు చలెక్కువే."

అతను వంగి కింది అర లోంచి అరచేతిలో ఇమిడిపోయే రివాల్వరు తీశాడు. "జేబులో పెట్టుకునేది. ఐదు తూటాలు. వెనక్కి లాగి బిగించే పనిలేదు. ఈ తోలు ఒరలో పెడితే పైకి పర్సులా కనిపిస్తుంది. కాకపోతే కాల్చినప్పుడు గాడిదలా తంతుంది. చిన్నది దాచుకోవడానికి సుఖం, పెద్దది కాల్చడానికి సుఖం. రెండు సుఖాలూ కావాలంటే కుదరదమ్మాయ్."

"జేబులోనే పేలిపోతే?"

"ట్రిగ్గరును ఒర కప్పేస్తుంది. ఆ జేబులో మాత్రం ఇంకేమీ పెట్టకూడదు. తాళంచెవి కూడా."

"రుమాలు?"

"రుమాలు కూడా."

"నిజంగా ఎవరికీ తెలియదంటారా?"

"ఒకావిడ కొని పదకొండేళ్ళయింది. ఇంట్లోవాళ్ళకి ఇంతవరకూ తెలీదు."

"ఎవరావిడ?"

"చెబితే తెలిసిపోదూ?"

దాని కొలతకు సరిపోయే నీలం బొమ్మను ఒరలో పెట్టి ట్రూడీ జేబులో వేశారు. బెర్నీస్ కౌగలించుకుంది. వీపు తడిమింది, నడుం పిసికింది, చివరికి ఎత్తి గిరగిరా తిప్పింది. దొరకలేదు. ముగ్గురూ బల్ల పట్టుకుని నవ్వారు.

ఫారాలు నింపడం, పాత నేరాలేమైనా ఉన్నాయా అన్న విచారణ అన్నీ అయ్యాయి. మూడు వారాలు డెల్మర్ దగ్గర గురి నేర్చుకునేసరికి ట్రూడీ అరచెయ్యి కమిలిపోయింది. నాలుగో ఆదివారం రివాల్వరు పాంటు కుడి జేబులోకి, రుమాలు ఎడమ జేబులోకి వెళ్ళాయి.

అమ్మ గుమ్మంలోనే పట్టేసుకుంది. ఎడమ చెయ్యి నడుం చుట్టూ వచ్చింది, కుడి చెయ్యి పక్కటెముకలు లెక్కపెట్టింది.

"చిక్కిపోయావే," అని వదిలేసింది అమ్మ.

ఇక ట్రూడీ కాళ్ళు నేలమీద ఆగలేదు. వేయించిన బెండకాయ ముక్కలు మూడుసార్లు వడ్డించుకుంది. కుక్కను ముద్దాడింది. నవ్వొచ్చిన మాటకీ రాని మాటకీ నవ్వింది.

"ఏమే, తాగొచ్చావా?" అంది అమ్మ, పీచ్ పళ్ళ పాకం ఓడుతున్న వేళ్ళు గాల్లో పట్టుకుని.

ఆ వేళ్ళు తుడుచుకోవడానికి, ట్రూడీ ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ చేసినట్టే, పక్కకైనా చూడకుండా రుమాలు కోసం కూతురి కుడి జేబులో చెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

రాబోయే ఆదివారాలన్నీ ఖాళీ కుర్చీలై ట్రూడీ కళ్ళముందు వరసకట్టాయి. "అమ్మా, ఆ ఎర్ర ట్రక్కువాడు..." అనబోయింది.

అమ్మ మెల్లగా చెయ్యి తీసింది. భోజనానికొచ్చి బల్లచుట్టూ కూర్చున్న చుట్టాలను ఓసారి చూసింది. ఊలు స్వెటరు దగ్గరగా లాక్కుని, కూతురి చెవి దగ్గరకు వంగింది.

"డెల్మర్ నీకూ అచ్చం నాలాంటిదే ఇచ్చాడే."