రాత్రి మెట్లు

హనీమూన్ పేరు చెప్పి కొత్త పెళ్లాన్ని తాముండే స్కోఫీల్డ్స్ నుంచి మఠానికి తీసుకొచ్చినవాడు భార్గవ్ ఒక్కడేనేమో అని అపూర్వ దారి పొడవునా నవ్వింది. క్రైస్తవ సన్యాసులు ఎప్పుడో వదిలి వెళ్లిపోయిన సిస్టర్షియన్ అనే శాఖవారి మఠం అది. చలికాలం కదా, చేరేసరికే చీకటి పడింది. మఠంలోని చర్చి గుమ్మం దగ్గర అలవాటుగా ఇద్దరూ బూట్లు విప్పేశారు.

"చర్చిలో ఎవరు విప్పుతారే?" అన్నాడు భార్గవ్.

"ఫస్ట్ విప్పింది నువ్వే."

బొమ్మా రంగూ లేని రాతి గోడలు. మూలన మెట్లు. మధ్యయుగంలో సన్యాసులు పై పడకగది నుంచి రాత్రి ప్రార్థనకు నేరుగా ఇలాంటి మెట్ల మీదే దిగేవారని, తెల్లారేదాకా పెదవి విప్పకూడదని అతను చెప్పాడు. ఇక్కడ పాత పద్ధతిలో మెట్లు కట్టారు గానీ, పడకగది కట్టనే లేదు. పైన ఉన్నది గోడే.

"ఆ గోడ టచ్ చేసి వచ్చేస్తా. ఈలోగా నన్ను మిస్ అవకు," అన్నాడు.

అతని అడుగుల చప్పుడు పైకి వెళ్లింది. గోడ దగ్గర ఆగలేదు. గదే లేని చోట నడుస్తూ పోయింది.

"భార్గవ్, జోక్ చాలు. కిందికి రా."

చాలాసేపటికి అడుగులు దిగడం మొదలైంది. ఒక్కరివి కావు. మెత్తగా, వరసగా, ఆమెను దాటి పోతున్నాయి. ఫోన్ లైటు వేసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"ఒక్క మాట మాట్లాడు, ప్లీజ్," అని ఏడ్చింది.

ఒకరి అడుగులు ఆమె ఎదుట ఆగాయి. వెచ్చని ఊపిరి నుదుటికి తగిలింది. అది ఎవరిదో ఆమెకు తెలుసు. అతను పెదవి మాత్రం విప్పలేదు.

అతని వెనక నుంచి మరొకరి అడుగులు దగ్గరయ్యాయి. ఆగిన పాదాలు మళ్లీ కదిలి, వరసలో కలిసిపోయాయి.