తడి వెతుక్కునే తంగేడు

వాన లేకున్నా గాలిలోని తేమ తాగి పూసే కొత్తరకం తంగేడును ఊళ్లో ప్రతి వాకిట్లోనూ నాటి మూడేళ్లయింది. ఇప్పుడు సుంకమ్మ ఉతికిన చీర దండెం మీద వేసీ వేయకముందే ఆరిపోతోంది. ఆ మధ్యాహ్నం వసారాలో మనవరాలు గుక్కపట్టి ఏడ్చింది గానీ, కంట చుక్క రాలేదు.

“ఈ చెట్టు కొట్టేస్తా, మే ఈరమ్మా,” అంటూ సుంకమ్మ గొడ్డలి తీసింది.

“ఊరంతా అవే గదత్తా! ఒకటి కొడితే ఏమొస్తాది?” అంది కోడలు ఈరమ్మ.

సుంకమ్మ వినలేదు. మొదలు నరకగానే నీళ్లు ధారగా కారాయి. చెంబుతో పట్టి పిల్ల పెదాలు తడిపితే ఏడుపు ఆగింది.

గాలి లేదు. అయినా వీధిలోని తంగేళ్లన్నీ గలగలమంటూ పిల్ల వైపు వంగాయి. సుంకమ్మ పిల్లను ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది.

“తలుపెయ్యి ఈరమ్మా!”

ఈరమ్మ తలుపు మూసి గడియ పెట్టింది. కిటికీ సందులోంచి అప్పటికే ఒక పూలరెమ్మ లోపలికి వచ్చింది.