గీత దాటిన గడులు

"నా అడ్రసు ఎవరికిచ్చారు?" గుండీల సెక్షన్ అమ్మాయి కౌంటరు మీద అరచేత్తో ఠపీమని కొట్టింది.

"మీ అన్నయ్యకేనమ్మా," అన్నాడు కౌంటరు బాబాయి తాపీగా. "పాపం, ఒకటే కన్నీళ్లు. చీటీ రాసిచ్చి పంపి అరగంట అవుతోంది."

"నాకు అన్నలూ లేరు, తమ్ముళ్లూ లేరు. వాడు నా మొగుడు! వాడి దెబ్బలకు తట్టుకోలేకే కదా ఇంత దూరం వచ్చి బతుకుతున్నా. ఎవరికీ చెప్పొద్దని పొద్దున ఆ కొత్త ఫారంలో టిక్ కూడా పెట్టాను!"

బాబాయి గబగబా కంప్యూటర్లో ఆమె పేరు వెతికాడు. బట్టల మిల్లులో రివాజు అదీ. కార్మికుల కోసం చుట్టాలెవరైనా వస్తే కంప్యూటర్లో చూస్తారు. 'చెప్పవద్దు' అన్నచోట టిక్ ఉంటే ఉత్త చేతులతో పంపేస్తారు, లేకపోతే చీటీ ఇస్తారు. ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు.

"నువ్వే చూడు తల్లీ. టిక్ లేదు."

"పెట్టాను బాబాయ్! గదిలో మా అమ్మ, చంటిది ఉన్నారు. వాడు వెళితే ఇంకేమన్నా ఉందా?" తల్లికి ఫోన్ చేసింది. మోగుతోంది గానీ ఎత్తడం లేదు.

ఆ కేకలకు పక్క గదిలోంచి ఫారం చేసిన ప్రోగ్రామరు వచ్చాడు. పని చకచకా తేల్చేస్తాడని మిల్లంతా అతన్ని మెరుపు అంటుంది. ఫారం ఈ ఉదయమే పెట్టాడు. ఇప్పుడు దాని వెనక ఉన్న ప్రోగ్రాము రాతను ఒక్కసారి పైనుంచి కిందకు చూశాడో లేదో, అతని మొహం మాడిపోయింది.

ఫారాలు కట్టిపెట్టే జావా ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే గడులు అందంగా లేవని, కొత్త గడులను తనే వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో రాసుకున్నాడు. రాయడం బాగానే రాశాడు. కాకపోతే ఫారం ముగిసే గీత దాటాక పెట్టాడు. పేజీలో చూస్తే అన్నీ ఒక్క కుటుంబంలాగే కనబడతాయి. బటన్ నొక్కితే మాత్రం గీత లోపలివే బయల్దేరతాయి, బయటివి ఎక్కడివక్కడే ఉండిపోతాయి. జావా కిక్కురుమనదు. రాని వాటి స్థానంలో ప్రోగ్రాములో ముందే రాసి ఉన్నదాన్ని వేసుకుని, 'భద్రపరిచాం, ధన్యవాదాలు' అంటుంది.

"నువ్వు పెట్టిన టిక్ మాదాకా రాలేదమ్మా," అన్నాడు తలొంచుకుని. "తప్పు నాది."

"తప్పు నీదీ, తన్నులు నావీనా?"

బాబాయి పోలీసులకు ఫోన్ కలుపుతున్నాడు, లైను దొరకడం లేదు. ఇంతలో అమ్మాయి చేతిలో ఫోన్ పలికింది.

"ఏమే, చంటిదానికి స్నానం చేయిస్తున్నా. ఏమిటా తొందర?"

"అమ్మా! ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారే? ఎవరూ రాలేదు."

"దాన్నెత్తుకుని పక్కింట్లోకి పో. ఎందుకని అడగకు, ముందు పో!"

అమ్మాయి కౌంటరుకు ఆనుకుని అక్కడే కూలబడింది. మెరుపుకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె గుక్క తాగి ఆగిపోయింది.

"వాడు వెళ్లి అరగంట దాటింది. మా గది నాలుగడుగుల దూరమే. ఇంకా చేరలేదేం? బాబాయ్, అసలు చీటీలో ఏం రాశావు?"

బాబాయి కళ్లద్దాలు సర్దుకుని తెర మీదది చదివాడు. "పాల డిపో వెనక సందు, పచ్చ గేటు, మేడ మీది వాటా."

"అది మా ఇల్లు కాదే!"

మెరుపు తెర మీదికి వంగి ఆ చిరునామా చూశాడు. గీత బయట ఉండిపోయింది టిక్ ఒక్కటే కాదు, చిరునామా గడి కూడా. ఫారం పరీక్షించేటప్పుడు మాటిమాటికీ టైపు చేసే ఓపిక లేక, ప్రోగ్రాములో ఓ చిరునామా రాసిపెట్టుకున్నాడు. తీసేయడం మరిచిపోయాడు. అది తన ఇంటిదే.

అతని జేబులో ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, మీ మిల్లు వాళ్లు చీటీ ఇచ్చారంటూ ఎవరో వచ్చాడు. నా పెళ్లాన్ని ఎక్కడ దాచావని అడుగుతూ, తలుపుకు లోపల గడియ పెడుతున్నాడేమిటండీ?"