బీరువా ఖాళీగానే ఉంటుంది

"ఆ పాపని తీసేయండి," అంది రచయిత్రి.

మీటింగు గది గోడమీది పెద్ద తెరలో ఒక ఐదేళ్ల పాప బీరువాలోంచి బయటికి దూకి, పకపకా నవ్వుతూ అలాగే ఆగిపోయి ఉంది.

ఆ చిన్న కంపెనీలో పదకొండు మంది ఏడాదిన్నరగా ఒకే వీడియో గేమ్ మీద పనిచేస్తున్నారు. కదలని నీళ్ల అడుగున ఒక ఊరు. అందులో ఒకామె దీపం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. కాల్చడాలు లేవు, పరుగులు లేవు, పాయింట్లు అసలే లేవు. కుర్చీలు పైకప్పుకి అంటుకుని ఉంటాయి. ఒక తలుపు తీస్తే నిన్నటి వంటగది, ఇంకోటి తీస్తే ఎప్పటికీ రాని రేపటి బడి. గడియారాలు టైము చెప్పవు, ప్రశ్నలడుగుతాయి. 'వెతకడం ఆపితే ప్రేమ ఆగినట్టేనా?' అంటుంది ఒకటి. ఎక్కడినుంచో ఒక పాప గొంతు, 'నేనెక్కడున్నానో చెప్పుకో' అంటూ ఉంటుంది. దాగుడుమూతలు. ఆడేవాళ్లే దొంగ.

ఆ నీళ్లు చూసి మొదటిరోజే ప్రోగ్రామర్, "మా అత్తగారి మౌనంలా ఉంది మేడమ్, ఎక్కడా ఒక్క అల లేదు," అన్నాడు. రచయిత్రి నవ్వేసింది. చాలా నెలల తర్వాత ఆమె నవ్వగా వాళ్లు చూడటం అదే మొదటిసారి.

ఆమె రాసిన ముగింపు ఒక్కటే. చివరి గదిలో బీరువా ఉంటుంది. తీస్తే ఖాళీ. ఎన్నిసార్లు తీసినా ఖాళీయే. దీపం అక్కడే వదిలి వెనక్కి తిరిగితేనే పైకి వెళ్లే మెట్లు కనిపిస్తాయి.

నిన్న ఆమె ఆఫీసుకు రాలేదు. ఆ ఒక్కరోజులో యజమాని బీరువాలో పాపని పెట్టించాడు.

"నేను చెయ్యనన్నాను మేడమ్," ప్రోగ్రామర్ కీబోర్డు వైపు చూస్తూ గొణిగాడు. "సార్ పక్కనే కూర్చుని చేయించారు."

"ఆ నవ్వు?"

"సారే తన ఫోన్‌లోంచి ఇచ్చారు."

రచయిత్రి మొహం పాలిపోయింది. యజమాని చేతిలోని కాగితాల్లోంచి తలెత్తలేదు.

"ఇరవై మంది చేత ఆడించి చూశాం," అన్నాడు. "పద్నాలుగు మంది బీరువా మళ్లీ మళ్లీ తీశారు. ఒకతనైతే నలభైసార్లు తీశాడు. ఎంత నరకమో ఆలోచించారా?"

"ఎవరతను?"

యజమాని కాగితం తిప్పేశాడు. "ఎవరైతే ఏం? మనిషి ఆశపడతాడు. ఇంత తిప్పి, చివరికి ఖాళీ బీరువా చూపిస్తారా?"

"చూపిస్తాను. నలభై ఒకటోసారి తియ్యకుండా వెనక్కి తిరగాలి. ఆట అదే. మిగతాదంతా అక్కడిదాకా వెళ్లే దారి."

"పాప దొరికితే మీకొచ్చిన నష్టమేంటి? ఎవరికైనా ఏమైనా పోతుందా?"

"పోతుంది. ఆ గదిలోంచి ఇంకెవరూ బయటికి రారు."

"ఇది ఆట! ఇక్కడైనా దొరకనివ్వచ్చుగా!" యజమాని బల్ల మీద గుద్దాడు. కాఫీ కప్పు ఎగిరిపడింది. "నీకసలు మనసుందా?"

ఆయన ఆఫీసులో ఎవరినీ ఏకవచనంతో పిలిచే మనిషి కాదు. అందరూ తలలు దించుకున్నారు.

రచయిత్రి మాత్రం దించలేదు. లేచి నిలబడింది.

"ఉంది కాబట్టే అబద్ధం రాయను."

"కంపెనీ నాది. ఆఖరి మాట నాది."

"కంపెనీ మీదే. ఆ గది మాత్రం నాది. గది గోడ రంగు దగ్గర్నుంచి నేనే రాశాను. అందులోకి నన్నడక్కుండా ఎవర్నీ రానివ్వను. మిమ్మల్ని కూడా."

ఆమె నేరుగా వెళ్లి ప్రోగ్రామర్ పక్కన నిలబడింది. అతను కుర్చీ ఖాళీ చేశాడు. కూర్చుంది. పాప ఉన్న ఫైలు వెతికి పట్టుకుంది. తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది.

ఆమె వేలు ఆగింది. ఆగిన మాట నిజం. రెండు క్షణాలో మూడు క్షణాలో. ఆ తర్వాత నొక్కింది.

తెర మీద నవ్వు పోయింది. బీరువా తలుపు మూసి ఉంది.

"మళ్లీ పెట్టండి," అన్నాడు యజమాని ప్రోగ్రామర్‌తో. "కాపీ ఉందిగా. పెట్టండి."

ప్రోగ్రామర్ రెండు చేతులూ కట్టుకున్నాడు. "నా వల్ల కాదు సార్. కావాలంటే నన్ను తీసెయ్యండి."

యజమాని అందరి వైపూ చూశాడు. ఒక్కరు కూడా అతని తరఫున మాట్లాడలేదు. ఆ ఊరి బొమ్మలు గీసిన చిత్రకారిణి కళ్లు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

యజమాని విసురుగా వెళ్లి ఆట ఆడే కంట్రోలర్ అందుకున్నాడు. బీరువా తీశాడు. ఖాళీ. మూశాడు. తీశాడు. ఖాళీ. ఇంకా గట్టిగా నొక్కాడు, అలా నొక్కితే ఏదో మారుతుందన్నట్టు. రచయిత్రి పక్కనే నిలబడింది. చెయ్యి పట్టి ఆపలేదు. ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు.

చాలాసేపటికి అతని బొటనవేలు ఆగింది, ఇంకో బటన్ మీదికి జరిగింది.

తెర మీది ఆమె దీపం నేల మీద పెట్టింది. మెల్లగా వెనక్కి తిరిగింది. నీళ్లు మొట్టమొదటిసారి కదిలాయి. గోడ పక్కనే మెట్లు. ఒక్కొక్కటే ఎక్కుతూ పోయింది. పైన మామూలు వీధి, మామూలు ఎండ.

యజమాని కంట్రోలర్ బల్ల మీద పెట్టాడు.

"ఇలాగే విడుదల చెయ్యండి," అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రచయిత్రి గెలిచినట్టు కూడా కనిపించలేదు. బ్యాగు భుజాన వేసుకుని లిఫ్టు దాకా వెళ్లి, మూసుకుపోతున్న తలుపుని చేత్తో ఆపి పట్టుకుంది. యజమాని వచ్చి ఎక్కేదాకా వదల్లేదు.

కిందికి దిగి ఇద్దరూ ఒకే కారు దగ్గరికి నడిచి, రెండేళ్లుగా వెనక సీట్లో ఖాళీగా అలాగే ఉండిపోయిన తమ పాప కుర్చీని చెరోవైపు నుంచీ విప్పడం మొదలుపెట్టారు.