ఎర్ర పెట్టె

“ఆ రెండు పెట్టెలూ పోవచ్చు. ఈ ఎర్రది మాత్రం పోయేదానికి లేదప్పా,” అన్నాడు సెక్యూరిటీ చెన్నరాయప్ప, టాక్సీ డిక్కీ మూయనివ్వకుండా.

ముందు సీట్లోంచి జోనా విసురుగా దిగాడు. “ఎందుకు పోదు?”

“యాప్‌లో రిజెక్ట్ అని వచ్చిండాది చూడు.”

ఆ అపార్ట్‌మెంట్‌లో అదొక పద్ధతి. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళ సామాను గేటు దాటాలంటే ఒక్కోదానికీ ఫోటో తీసి యాప్‌లో పెడతారు. ఆ ఫ్లాటుకు రాసి ఉన్న నంబరుకు అది చేరుతుంది. అవతల సరేనంటేనే ఇవతల వదులుతారు.

“ఇంకోసారి పంపు.”

చెన్నరాయప్ప వంగి ఎర్ర పెట్టెకు మళ్ళీ ఫోటో తీశాడు. ఇద్దరూ ఆ చిన్న తెర మీదికి తలలు వంచారు. కాసేపటికి మళ్ళీ అదే జవాబు.

జోనా గడియారం చూసుకున్నాడు. సాయంత్రమే విమానం. మహదేవపుర నుంచి ఎయిర్‌పోర్టుకు పోవాలంటే మధ్యలో హెబ్బాళ ట్రాఫిక్ ఒకటుంది. అక్కడ ఇరుక్కున్నవాణ్ణి దేవుడు కూడా తీయలేడు. సోమవారం ఎస్టోనియాలో కొత్త ఉద్యోగంలో చేరాలి. వెనక ఒక కారు అప్పుడే హారన్ మొదలుపెట్టింది.

“చూశావా రాచెల్,” అన్నాడు వెనక సీట్లో ఉన్న భార్యతో. “ఆ దేశం జనమంతా కలిసినా మన బెంగళూరులో ఓ మూలకు రారు. అయినా ఓటు దగ్గర్నుంచి అన్నీ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే చేసేస్తారు. ఇక్కడా ఉంది యాప్. దేనికీ? మనిషిని కట్టేసి కూర్చోబెట్టడానికి!”

రాచెల్ ఫోనులోంచి తలెత్తింది. “ఏవండీ, ఒక మాట...”

“విమానం ఎక్కాక చెబుదువులే.”

“లోపలేముండాదో చూపించప్పా,” అన్నాడు చెన్నరాయప్ప. “ఓనరుకేమన్నా అనుమానమేమో. పోయిన తూరి ఒకాయప్ప ఇంట్లో గీజరే పీక్కొని పెట్టెలో సర్దినాడు.”

“నన్ను దొంగనంటావా?”

జోనా ఎర్ర పెట్టెను కిందికి లాగి జిప్పు తీశాడు. పైనే ఇస్త్రీ చేసిన తెల్లటి నర్సు యూనిఫాంలు. పక్కన డ్యూటీ బూట్లు, స్టీలు క్యారియరు. ఒక్క స్వెట్టరైనా లేదు.

“గీజర్ లేదు,” చెన్నరాయప్ప ఒప్పుకున్నాడు.

“మంచు కురిసే దేశానికి ఇవా నువ్వు సర్దింది? ఆసుపత్రిలో తిరిగిచ్చేయమన్నానా లేదా? అక్కడ నిన్ను నర్సుగా ఎవరు పెట్టుకుంటారు? ముందు వాళ్ళ భాష రావాలి, మళ్ళీ మొదట్నుంచీ పరీక్షలు రాయాలి. ఇన్నేళ్ళు నైట్ డ్యూటీలు చేసింది చాలదా? హాయిగా ఇంట్లో ఉండు.”

“మా ఇంట్లో ఈ బట్ట వేసుకున్న మొదటిదాన్ని నేనేనండీ.”

“అయితే ఫోటో తీయించి గోడకు పెడదాంలే. ఆ ఫోను పక్కన పడేసి, దిగి నువ్వైనా ఇతనికి చెప్పు!”

రాచెల్ దిగలేదు. వెనక కార్లు రెండయ్యాయి. ఎవరో కన్నడంలో గట్టిగా ఒకటన్నారు.

“ఇది ఆ పద్మనాభంగారి పనే,” అంటూ జోనా ఇంటి ఓనరుకు ఫోన్ కలిపాడు. “ఏమండీ, ఇదేం పద్ధతి? నెలాఖరు దాకా ఇల్లు మాదే కదా! గేటు దగ్గర మా ఆవిడ బట్టల పెట్టె ఆపిస్తారా?”

“నేనా?” అవతల పెళ్ళి మేళం మధ్య పద్మనాభం గొంతు చించుకున్నాడు. “అత్తిబెలెలో పెళ్ళి పంక్తిలో ఉన్నానయ్యా! నా చెయ్యి పప్పులో ఉంది, ఫోను మా మనవడు పట్టుకున్నాడు!”

“మరి యాప్‌లో వద్దని నొక్కుతున్నదెవరు?”

“నాకేం తెలుసు? అందులోంచి నా నంబరు ఎప్పుడో తీయించేశాను. పాలనీ కొరియరనీ ఒకటే మోత! పగలు ఇంట్లో ఉండే మనిషి నంబరు పెడతామని నువ్వే కదా మార్పించావు?”

జోనా ఫోను దించాడు. పగలు ఇంట్లో ఉండే మనిషి.

వెనక్కి తిరిగేసరికి రాచెల్ టాక్సీ దిగి ఉంది. పెట్టెలో చెదిరిన యూనిఫాంను చేత్తో సవరించి, పెట్టె జిప్పు మూసి, పిడి పట్టుకుంది. రెండో చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది.

“మీవి రెండూ అప్పుడే ఒప్పేసుకున్నానండీ, ఆగేది నాదొక్కటే,” అంది. “మీరు బయల్దేరండి, హెబ్బాళ దగ్గర లేటవుతుంది.”