ఒక్కసారి నిమరనివ్వండి

"ఒరేయ్ బండోడా, ఆగరా!"

టైలరమ్మ గొంతు చించుకుని అరిచినా కుక్క ఆగలేదు. కారు తలుపు తీశారో లేదో, తాడు విదిలించుకుని ఇసుకలోకి దూకి పరుగో పరుగు.

"సముద్రమంటే దానికి ప్రాణమని, మనకిచ్చేటప్పుడు సహాయ దళం వాళ్ళు చెప్పారుగా. పోనీలే, దాని సరదా దానిది," అన్నాడు ఆమె భర్త, తిండి సంచి దించుతూ.

ఆయన లారీల మెకానిక్. సెలవు దొరకడమే గగనం. దొరికిన ఒక్క రోజూ కుక్కకే రాసిచ్చేశారు.

తీరంలో నరపురుగు కూడా లేదు. దూరంగా ఒక సిమెంటు బెంచీ, దాని మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన. అంతే.

కుక్క అలల వైపు వెళ్ళనేలేదు. తిన్నగా ఆ బెంచీ దగ్గరికి పోయింది.

ఆయన మీదికి ఎగబాకింది. మొహం, చెవులు, మెడ నాకేసింది. పసిపిల్లలా మూలుగుతూ ఒళ్ళో దూరబోయింది.

టైలరమ్మ దగ్గర అదెప్పుడూ అంత గారాలు పోలేదు.

కుంటి కాలీడ్చుకుంటూ గబగబా వెళ్ళి తాడు అందుకుంది.

"ఎవరండీ మీరు? దానికేం పెడుతున్నారు?"

"ఏమీ పెట్టలేదమ్మా." ఆయన కంగారుగా రెండు చేతులూ పైకెత్తాడు. "అదే వచ్చింది."

"ఊరికే వస్తుందా? ఇంటికొచ్చిన చుట్టాల మొహమైనా చూడదిది."

ఆయన చిన్నగా నవ్వాడు. "సరిగ్గా తింటోందా? ఉరిమితే ఇంకా మంచం కిందికి దూరుతోందా?"

ఆమె తాడు దగ్గరికి లాక్కుంది.

"అంటే... ఇదివరకు దీన్ని పెంచింది మీరన్నమాట. ఇప్పుడు పట్టుకుపోదామని వచ్చారా?"

"అయ్యో, లేదమ్మా. ఒక్కసారి నిమరనివ్వండి. కాస్త దగ్గరగా చూసి వెళ్ళిపోతాను."

"కుదరదు." తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

భర్త ఆయాసపడుతూ వచ్చాడు. "పోనీవే, చూస్తే అరిగిపోతుందా?"

"మీరూరుకోండి! ఇవాళ చూస్తానంటారు, రేపు ఇమ్మంటారు." ఆమె బెంచీ మీదాయన వైపు తిరిగింది. "మేం బట్టలు కుట్టే మేడ కూలిన రోజు నా కాళ్ళ మీద గోడ పడింది. చీకట్లో అరిచి అరిచి నోరు పిడచకట్టుకుపోయింది. మనిషన్నవాడు ఒక్కడు రాలేదు. ఇదే వచ్చింది. దీని మూతి కనపడ్డాక స్పృహ తప్పాను, కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. నన్ను బతికించింది ఇదండీ, ఏ మనిషీ కాదు!"

"నిజమేనమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన మెల్లగా. "ముందు అదే వచ్చింది."

లేచాడు. చెయ్యి ముందుకు చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. కుక్క తాడు తెంపుకునేలా గింజుకుంది.

"ఉండు," అన్నాడు. ఒక్క మాట.

అది టక్కున కూర్చుండిపోయింది.

ఆయన బెంచీ అంచు తడుముకుంటూ ఇసుకలోకి దిగి, తూలుతూ రోడ్డు వైపు నడిచాడు.

"చూశారా? తాగొచ్చాడు," అంది టైలరమ్మ, రోడ్డు దాకా వినపడేలా.

రోడ్డు మీది కారులోంచి ఒకామె దిగి ఆయన్ని లోపల కూర్చోబెట్టింది. తలుపు వేసి, విసవిసా వీళ్ళ దగ్గరికి వచ్చింది.

"కడుపు చల్లబడిందా అమ్మా ఇప్పుడు?"

"మీరెవరు?"

"ఆయన చెల్లెల్ని. తాగడం కాదు, మా అన్నయ్యకు చూపు పోతోంది. మొహానికి ఆనించుకుంటే తప్ప ఏదీ కనపడదు. అదీ ఎన్నాళ్ళో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. పూర్తిగా చీకటయ్యేలోపు దీని మొహం ఒక్కసారి చూసుకోవాలని ఆశ. ఎప్పటికైనా మీరు దీన్ని సముద్రానికి తెస్తారని, సెలవొస్తే చాలు, ఇక్కడికే తీసుకురమ్మంటాడు."

తాడు మీద టైలరమ్మ పట్టు సడలింది.

"మరి... అంత ప్రేమ ఉన్నాయన నాకెందుకు ఇచ్చేశారు?"

"మీరడిగారుగా! అది పక్కనుంటే తప్ప నిద్ర పట్టడం లేదని ఆసుపత్రిలో ఏడ్చారట. మేమంతా వద్దని మొత్తుకున్నాం. వింటేనా? పాలు పట్టి పెంచిన కుక్కని చేతులారా పంపించేశాడు."

కారు హారన్ మోగింది. చెల్లెలు వెనుదిరిగింది.

"ఆగండి! నేనాయనకేమవుతానని ఇదంతా చేశారు?"

"అది మాత్రం మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు," అంటూ ఆమె ఆగకుండా వెళ్ళిపోయింది.

టైలరమ్మ వెంటపడబోయి ఇసుకలో కూలబడింది. "ఏమండీ, మీరైనా పరుగెత్తండి! ఆపండి వాళ్ళని. కుక్కని ఇచ్చేద్దాం!"

మెకానిక్ పరుగెత్తాడు. కారు కిటికీ పట్టుకుని ఏదో అడగడం, చెల్లెలు ఏదో చెప్పడం దూరాన్నించి కనిపించింది. మెకానిక్ చేతులు కిటికీ మీంచి జారిపోయాయి. కారు కదిలిపోయింది.

భర్త కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు.

"ఏమన్నారండీ?"

ఆయన ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇది వాసన పట్టి మొరిగి చూపిస్తుందే గానీ గోడ ఎత్తలేదుగా... మిగతా మేడ కూడా కూలుతోంది, బయటికి వచ్చెయ్యమని అందరూ అరుస్తున్నా వినకుండా, కళ్ళ నిండా పడ్డ సున్నమైనా కడుక్కోకుండా, నిన్ను భుజానేసుకుని మోసుకొచ్చింది ఆయనేనటే!"