ఒడిలోవి

"ఆస్ట్రేలియాలో ఉండే ఈ జంతువు పిల్లని పొట్టసంచిలో మోస్తుంది. వీటిలో కొన్ని జాతులు ఇప్పుడు అంతరించిపోతున్నాయి. పుట్టగొడుగులకి మాత్రం కరువు లేదు, వాన పడితే చాలు. ఈ రెండింటికీ పోలిక చెప్పండి." నల్లబల్ల మీద బొమ్మలు గీసి అడిగింది జ్ఞానాంబ టీచరు.

"రెండూ అమ్మ ఒడిలో ఉంటాయండి," అంది దాలమ్మ.

"పుట్టగొడుగులు కూడానా?"

క్లాసంతా నవ్వింది, టీచరు కూడా.

"నిన్న మాయమ్మ కొంగుతో ఒడి కట్టుకుని, గట్టుమీద ఏరి తెచ్చిందండి. కూరొండి, 'ముందు నాను తిని సూస్తాను, నువ్వాగు' అన్నాది."

"మరి నీకు పెట్టిందా?"

"నేదండి. తిని తొంగున్నాది. పొద్దున్న ఎంత లేపినా లెగనేదు." దాలమ్మ పలకని ఒళ్లోకి లాక్కుంది. "ఆకలేస్తన్నాది గానీ, నానింకా ఆగే ఉన్నానండి."